తపాలా బిళ్లంత చర్మం

2015లో జర్మనీలోని బోకుమ్‌ ఆసుపత్రిలో ఏడేళ్ల సిరియా శరణార్థి బాలుడు మృత్యుముఖంలో ఉన్నాడు. జన్యులోపం వల్ల పైచర్మం చాలావరకు ఊడిపోయింది. వైద్యులు అతడి గజ్జల దగ్గర తపాలా బిళ్లంత చర్మం ముక్క తీశారు. ఇటలీలో శాస్త్రవేత్త మికేలె డి లూకా బృందం ఆ ముక్కలోని కణాల్లో జన్యులోపాన్ని సరిచేసి, పలుచని పొరలుగా పెంచింది. వాటితో ఒంటిలో 80 శాతం కప్పారు. ఆ తర్వాత బాలుడు ఫుట్‌బాల్‌ కూడా ఆడగలిగాడు.

ఇది అద్భుతమే, కానీ ఖర్చు సామాన్యుడికి అందనిది. మన కాలిన గాయాల వార్డులకు నేటికీ ఒక ముఖ్య ఆధారం దాతల చర్మం. అదీ తాత్కాలిక కవచమే. ఇలా చర్మం పెంచే ప్రయోగశాలలకు ప్రభుత్వాలు నిధులివ్వాలి. అంతవరకు, మరణానంతరం ఆరు గంటల్లోగా చర్మదానానికి కుటుంబాలు ముందుకు రావాలి.