మీట నొక్కడం ఎవరైనా నేర్పుతారు

డిగ్రీ కాలేజీల్లో 2020 వేసవి అనగానే ముందు గుర్తొచ్చేవి వెబినార్లు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ముగిసే వేళకు చాట్‌బాక్సులో ఫీడ్‌బ్యాక్ లింకు పడేది. ఆ లింకు కోసమే చివరిదాకా కూర్చున్నవాళ్లు ఎందరో! ఫారం నింపితే ఈ-సర్టిఫికెట్ మెయిల్‌కు వచ్చేసేది. ఆన్‌లైన్‌లో పాఠం ఎలా చెప్పాలో వివరిస్తూ వక్త రెండు గంటలు స్లైడ్లు చదివేవారు, వందల మంది అధ్యాపకులు మైకులు ఆపేసుకుని వినేవారు. క్లాసులో ఎవరైనా అలా చదివితే పిల్లలు వెనక బెంచీల్లో కునుకు తీస్తారు.

కరోనా పోయింది, ఆ పద్ధతి మిగిలింది. ఇప్పుడు వరస కృత్రిమ మేధది. గంటలో డజన్ల కొద్దీ ఏఐ టూల్స్ చూపించి పంపేస్తున్నారు. మర్నాడు క్లాసుకెళ్లిన లెక్చరర్‌కు వాటిలో ఒక్క పేరు గుర్తుంటే గొప్పే.

మన శిక్షణలు పరికరంతో మొదలవుతాయి. పాఠంతో మొదలవ్వాలన్నది నా వాదన.

ఇది ఇవాళ్టి జబ్బేమీ కాదు. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ మొదలుపెట్టింది. 2003లో ఐఐటీల వీడియో పాఠాల ఎన్‌పీటెల్, 2004లో చదువుల కోసం ఎడ్యుశాట్ ఉపగ్రహం, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చాయి. ప్రతిసారీ పెట్టె ఎలా తెరవాలో చెప్పారు. అందులో కార్యక్రమం అయ్యాక లెక్చరర్ లేచి పిల్లల్ని ఏం అడగాలో మాత్రం చెప్పలేదు. పాఠం ఉండేది అక్కడే.

తెలుగు క్లాసునే తీసుకుందాం. మన శాఖవాళ్లకు టెక్నాలజీ అంటే పద్యాన్ని స్లైడు మీదికి ఎక్కించడమన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్ నెట్‌లో ఉంది. పద్యం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతిప్రాసలు సరిచూసి ఏ వృత్తమో చెప్పేస్తుంది. దీన్ని పిల్లల చేతికి ఊరికే ఇస్తే గణవిభజన హోంవర్కు ఆ రోజుతో సరి.

అదే సాఫ్ట్‌వేర్‌తో ఇంకోలా పాఠం చెప్పొచ్చు. పద్యపాదం ‘సత్యము’ అని మొదలైందనుకోండి. బోర్డు మీద ఆ ఒక్క మాట రాసి, ఇది ఏ గణమని అడగాలి. ముందు ఎవరికి వాళ్లు నోట్సులో రాసుకోవాలి, మాట్లాడకూడదు. మూడూ హ్రస్వాలే కదా అని చాలామంది మూడు లఘువులు వేసి నగణం అంటారు. కొందరు భగణం అంటారు. చేతులెత్తించి లెక్కపెట్టాక, పక్కవాడిని ఒప్పించమని రెండు నిమిషాలు వదిలేయాలి. ఎవరో ఒకరికి ‘త్య’ సంయుక్తాక్షరమని, దాని ముందున్న ‘స’ గురువవుతుందని తడుతుంది. మళ్లీ చేతులెత్తించాలి. అప్పుడు ఒక్క ఫోనులో సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు. ఇందులో ఇంకో మెలిక ఉంది: భగణమైతే ఉత్పలమాల వైపు, నగణమైతే చంపకమాల వైపు చూస్తాం. ఒక్క అక్షరం దగ్గర పొరబడితే పద్యం పేరే మారిపోతుంది. ఈ సంగతి సార్ చెబితే పరీక్ష దాకా గుర్తుంటుంది. వాదించి ఓడినవాడు మాత్రం జన్మలో మరచిపోడు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేస్తున్నది దాదాపు ఇదే. తన విద్యార్థులు లెక్కలు చకచకా చేస్తున్నారు గానీ న్యూటన్ సూత్రాల మీద మామూలు ప్రశ్న వేస్తే తడబడుతున్నారని ఆయన గమనించాడు. అప్పటి నుంచి క్లాసులో ప్రశ్న, ఓటు, పక్కవారితో చర్చ, మళ్లీ ఓటు. ఓట్లకు క్లిక్కర్లు వాడినా, అట్టముక్కలు ఎత్తినా పాఠం ఒకటే. ప్రొజెక్టర్ బల్బు మాడిపోయి ఆర్నెల్లయినా బిల్లు పాస్ కాని మన కాలేజీలకు ఇది తీపి కబురు.

సబ్జెక్టు తెలియడం వేరు, దాన్ని చెప్పడం తెలియడం వేరు, టెక్నాలజీ తెలియడం వేరు. ఈ మూడూ కలిసే చోటే అధ్యాపకుడి నేర్పు ఉంటుందని పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో సిద్ధాంతీకరించారు. మన శిక్షణల్లో మాత్రం కామర్స్ మేడమ్‌కూ, బోటనీ సార్‌కూ, తెలుగు మాస్టారికీ ఒకే హాల్లో ఒకే క్విజ్ యాప్ నేర్పుతారు. వాళ్లలో ఒక్కరిని కూడా ‘మీ సబ్జెక్టులో పిల్లలు ఏటా ఎక్కడ తప్పు చేస్తారు?’ అని అడగరు.

ఎందుకు అడగరంటే, వచ్చినవాళ్లకు కావలసింది వేరు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పదోన్నతికి ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సుల వంటివి చూపించాలి. న్యాక్ మదింపు నాటికి ఫైల్లో సర్టిఫికెట్లు ఉండాలి. శిక్షణ కేంద్రాల బోర్డులైతే ఎన్నిసార్లు మారాయో! అకడమిక్ స్టాఫ్ కాలేజీలు హెచ్ఆర్‌డీ సెంటర్లయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. అక్కడ నేర్చుకున్నది క్లాసుకు చేరిందా లేదా చూసే ఏర్పాటు మాత్రం బోర్డుతో పాటు రాలేదు. ఆ కేంద్రాల్లో పనికొచ్చేది ఏమీ ఉండదని అనను. టీ విరామంలో ఇద్దరు ఎకనామిక్స్ లెక్చరర్లు గిరాకీ రేఖ ఎలా చెబుతున్నారో మాట్లాడుకునే పావుగంటకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

చేయాల్సింది పెద్ద ఖర్చు పనేం కాదు. శిక్షణకు వచ్చే ప్రతి అధ్యాపకుడూ తన క్లాసు ఏటా బోల్తాపడే ఒక పాఠం పట్టుకు రావాలి. వారమంతా ఆ పాఠం మీదే పని జరగాలి. దానికి అక్కరకొచ్చే టూల్ ఉంటే నేర్పాలి, లేకపోతే సుద్దముక్క చాలు. నెల తర్వాత అరపూట మళ్లీ కూడాలి. వచ్చేటప్పుడు పిల్లల జవాబు పత్రాలు చేతిలో ఉండాలి, బాగా రాసినవీ, తప్పులు రాసినవీ. పదోన్నతికి లెక్కేసుకోవలసింది ఈ అరపూటను.

ఇంకొక్క సంగతి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పాఠాల బరువు మోస్తున్నవాళ్లలో అతిథి అధ్యాపకులు చాలామంది. వాళ్లకు పదోన్నతి అనే మాటే లేదు కనుక శిక్షణ జాబితాల్లో పేర్లు అరుదు. పైగా పీరియడు లెక్కన జీతం కాబట్టి, శిక్షణకు వెళ్లిన రోజు కూలి పోయినట్టే. వచ్చే ఏడాది ఏ కేంద్రమైనా ఇలాంటి వర్క్‌షాప్ పెడితే, ముందు ఆ రోజుల పీరియడ్ల డబ్బు వాళ్లకు లెక్కగట్టి ఇచ్చే ఉత్తర్వు తీయాలి. టూల్ ఏదన్నది తర్వాత చూసుకోవచ్చు.