అకస్మాత్తుగ మూతి వంకరపోయినచో రేపటికి ఆగరాదు

పైరుకు తెగులు సోకినచో కర్షకుడు మరునాటికి ఆగడు. ఆకు త్రిప్పి చూచును, మందు విచారించును. కాని యింటి మనుష్యునకు అకస్మాత్తుగ మూతి వంకరపోయినను, మాట తడబడినను, "వాతము చేసినది, పసరు పోసి రేపు చూతము" అనువారు మన గ్రామములందు నేటికిని గలరు. ఆ ఒక్క రాత్రి యాలస్యము మనుష్యుని జీవితాంతము మంచము పట్టింపగలదు.

ఇట్టి లక్షణములకు కారణ మొక్కటి కాదు. మెదడునకు పోవు రక్తనాళము గడ్డచే మూసికొనినను, చిట్లినను పక్షవాతము వచ్చును. మూతి ఒకవైపునకు జారుట, ఒక చేయి లేవకుండుట, చూపు హఠాత్తుగ తగ్గుట దాని గురుతులు. గడ్డను కరిగించు మందును సాధారణముగ 4½ గంటలలోపల నీయవలెను. అంతకుముందు తలకు స్కాను తీయవలెను. లక్షణములు కొద్ది నిమిషములలో తమంతట తగ్గినను ఊరకుండరాదు. అది పెద్ద యాపదకు ముందు హెచ్చరిక కావచ్చును.

పిచికారీ చేసినవాడు చెమటలు గ్రమ్మి, నోట చొంగ కారి, కండరములు అదరి పడిపోయినచో పురుగుమందు విషమని యనుమానింపవలెను. ప్రొఫెనోఫాస్ వంటి మందులు చర్మము గుండ సయితము లోనికి పోవును. చేతులకు తొడుగులు వేసికొని అతని బట్టలు తీసి, ఒడలు సబ్బునీటితో కడిగి, మందు డబ్బాను వెంట గొనిపోవలెను. డబ్బాపై పేరు చూచినచో వైద్యునకు చికిత్స సులువగును.

రాత్రి నేలపై పండుకొనినవానికి తెల్లవారునప్పటికి కనురెప్పలు వాలి, ఊపిరి బరువైనచో కట్లపాము కరచియుండవచ్చును. ఆ కాటునకు నొప్పియు వాపును అంతగా నుండవు. మధుమేహ రోగికి రక్తములో చక్కెర పడిపోయినను, ఎండలో పనిచేయువానికి వడదెబ్బ తగిలినను తెలివి తప్పవచ్చును.

కారణము తేల్చుట యింటివారి పని కాదు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున వందలకొలది జనులు మూర్ఛలతో పడిపోయిరి. నిపుణులు రక్తమును, నీటిని పరీక్షించుటకు రోజులు పట్టినవి. కొందరి రక్తమున సీసము, నికెల్ కనబడినవి. నిపుణులకే అంత శ్రమయైనదానిని మనము అరుగుపై కూర్చుండి తేల్చగలమా? మన పని 108కి ఫోను చేయుట, రోగి కడపట బాగుగనున్న వేళను గుర్తుంచుకొనుట, నోట నీరుగాని పసరుగాని పోయకుండుట, తెలివి లేనిచో ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టుట.

"తీరా పోయిన తరువాత ఏమియు లేదన్నచో?" అని కొందరందురు. అంతకంటె శుభవార్త యేమున్నది? పోవునది ఒక్క రాత్రి నిద్ర మాత్రమే.

మన సంఘములు ఎరువులకును అప్పులకును పద్దులు వ్రాయుచున్నవి. వానితోపాటు ప్రతి సంఘ కార్యాలయపు గోడపై, స్కాను యంత్రము గల సమీప ఆసుపత్రి పేరును, రాత్రివేళ బండి కట్టగల సభ్యుల వంతులను వ్రాసియుంచవలెనని నా ప్రార్థన. పంట పోయినచో మరుసటేడు విత్తవచ్చును. పోయిన చేయి మరల మొలవదు.