కెమెరా కొనేముందు ‘వన్స్ మోర్’ సంగతి గుర్తుచేసుకోండి

పోస్టు కొంచెం పెద్దదే. అయినా ఆదివారం మీటింగులో చెయ్యెత్తే ముందు చదివి రండి. ఖర్చయ్యేది మనందరి చందా డబ్బు.

సంగతి తెలిసిందే. మన నాటకాలూ, ఉగాది కార్యక్రమాలూ, తెలుగు బడి పిల్లల వార్షికోత్సవాలూ ఇన్నేళ్ళుగా పైసా పుచ్చుకోకుండా తీసిపెడుతున్న బాబాయ్ గారి క్యామ్‌కార్డర్ సంక్రాంతికి మొరాయించింది. ఎస్పీ రోడ్డులో నాలుగు షాపులు తిరిగాం. ఒకతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఈగ యార్ సార్ ఇదన్న తగోతారె?’ అని నవ్వాడు. పార్టులు దొరకవట. కొత్తది కొనాల్సిందే. అక్కడిదాకా అందరిదీ ఒకటే మాట.

గొడవంతా ఏది కొనాలన్న దగ్గరే. వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు. మంచి ఫోను ఒకటి, మిర్రర్‌లెస్ కెమెరా రెండు, అమెరికా నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు తెప్పించడం మూడు. ఓట్లు టపటపా పడిపోయాయి. ఓటేసినవాళ్ళలో ఎంతమంది ట్రైపాడ్ పక్కన మూడు గంటలు నిలబడి ఒక నాటకం తీశారు? తీసే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. వంటాయన్ని అడక్కుండా గరిటె కొన్నట్టుంది మన వ్యవహారం.

వెనక వరసలో కూర్చుని ‘వన్స్ మోర్’ కొట్టే మేము అనేది ఒక్కటే. మనం తీసేదేమిటో ముందు చూడండి, కెమెరా సంగతి తరవాత.

మనం తీసేది పద్యనాటకం. రాయబారంలో కృష్ణుడు రాగం ఎత్తుకున్నాడంటే ఎప్పుడు దింపుతాడో ఆయనకే తెలీదు. వెనక నుంచి ఈల పడితే పద్యం మళ్ళీ మొదటికి. రెండు గంటలని కరపత్రంలో వేసింది మూడు గంటలవుతుంది. ఆ మూడు గంటలూ ఆగకుండా, చీకట్లో, హాలు చివరి నుంచి తియ్యాలి. మాట స్పష్టంగా వినపడాలి. మనకు కావలసిన కెమెరా పరీక్షలో ప్రశ్నలు ఇవే. ఎన్ని మెగాపిక్సెళ్ళన్న ప్రశ్న అందులో లేనే లేదు.

మిర్రర్‌లెస్ వాళ్ళతో మొదలుపెడదాం. బొమ్మ అందంగా వస్తుంది, కాదనం. బాబాయ్ గారు సొంతంగా తీసుకునే షార్ట్ ఫిల్ములకు అదే బాగుంటుందేమో కూడా. కానీ ఫొటోల కోసం పుట్టిన కెమెరాలు చాలా కాలం 29 నిమిషాల 59 సెకన్లకు వీడియో ఆపేసేవి. 30 నిమిషాలు దాటి రికార్డు చేసేదాన్ని యూరప్ కస్టమ్స్ వాళ్ళు వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవారు. ఆ సుంకం తప్పించుకోవడానికి పెట్టిన హద్దు అది. కొత్త మోడళ్ళలో చాలావాటికి ఆ హద్దు తీసేశారు, నిజమే. కానీ చిన్న ఒంట్లో పెద్ద సెన్సర్ పెట్టి 4కె గంటలకొద్దీ తీస్తే వేడెక్కి ఆగిపోయేవి ఇప్పటికీ ఉన్నాయి.

పోయిన ఏడాది మన హరిశ్చంద్రకు ఏమైందో మర్చిపోయారా? అరువు తెచ్చిన ఫొటో కెమెరాతో తీయించాం. కాటిసీనులో జాషువా పద్యాలు అయ్యాయి. హరిశ్చంద్రుడు చంద్రమతి మెడలో తాళి చూసి గుర్తుపట్టకముందే రికార్డింగ్ ఆగింది. ఎవరూ చూసుకోలేదు. మన వీడియోలో ఆయన ఇప్పటికీ భార్యను గుర్తుపట్టలేదు. నవ్వొస్తుంది కదూ. ఆ వేషం కట్టిన పెద్దాయన ఈ ఏడాది మన మధ్య లేరు. వాళ్ళింట్లోవాళ్ళు ఆ సీను అడిగితే ఏమిచ్చాం? ఇంకోసారి వెయ్యమని ఎవరిని అడుగుతాం?

ఇక ఫోను వాళ్ళు. ‘అన్నా, ఫోను చాలదా?’ బర్త్‌డేకి చాలుతుంది. హాలు చివరి నుంచి దుర్యోధనుడి ముఖం చూడాలంటే ఫోను బొమ్మను సాగదీస్తుంది, ముఖం పిండిబొమ్మలా తయారవుతుంది. మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ గోవిందా. అసలు ఎవరి ఫోను? సెక్రటరీ మారినప్పుడల్లా మన నాటకాలు కూడా ఆయనతోపాటు ఇంటికి వెళ్ళిపోవాలా?

అమెరికా సరుకు వాళ్ళకు ఒక చిన్న లెక్క. మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్ళది 60. మన దగ్గర చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి, కంటికి తెలీదు. కెమెరా సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు తీస్తూ, షటర్ 50వ వంతు దగ్గరో 100వ వంతు దగ్గరో ఉంటే బొమ్మ నిలకడగా ఉంటుంది. అక్కడి లెక్కకు బిగించిన కెమెరా 60లో తీస్తుంటే తెర మీద నల్లటి చారలు పాకే ప్రమాదం ఉంది. కొన్ని మోడళ్ళలో మార్చుకోవచ్చు, కొన్నిట్లో కుదరదు. కుదరనిది వస్తే వెనక్కివ్వడానికి మళ్ళీ ఎవరి మరిది ఎప్పుడు వెళ్తాడో చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ధ్వని. దాని గురించి పోల్‌లో ఒక్క ముక్క లేదు. పద్యం వినడానికి కదా నాటకానికి వెళ్ళేది! కెమెరా మీది మైకు హాలు చివర ఏం వింటుంది? ఫ్యాను, చిప్స్ ప్యాకెట్టు, పసిపిల్ల ఏడుపు. మైకు సెట్ అతని మిక్సర్ నుంచి ఒక తీగ నేరుగా కెమెరాకు రావాలి. అంత దూరం గుర్రుమనకుండా రావాలంటే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కావాలి, కెమెరాకు ఆ సాకెట్లు రెండుండాలి. ఒకదానికి మిక్సర్, రెండోదానికి హాలు మైకు. ఆ రెండోది లేకపోతే పద్యం వినపడుతుంది కానీ ‘వన్స్ మోర్’ వినపడదు. మన ఈలలు లేని పద్యనాటకం మనదేనా?

ఇవన్నీ ఒక్కచోట ఉన్న జాతి క్యామ్‌కార్డరే. ఉదాహరణకు 2019లో వచ్చిన కేనన్ ఎక్స్‌ఏ40 చూడండి. 20 రెట్ల ఆప్టికల్ జూమ్, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు. అదే కొనమని కాదు, ఆ తరహాది కొనమని. దాని లోపమూ మేమే చెప్తాం. సెన్సర్ చిన్నది, కాబట్టి కాటిసీను నీలం లైటులో బొమ్మ గరుకుగా వస్తుంది. లైట్లతన్ని బతిమాలి ఒక దీపం పెంచుకుంటే సర్దుకుంటుంది. తాళి దగ్గర ఆగిపోయిన వీడియోను ఎవర్ని బతిమాలినా సర్దలేరు. 4కె మోజు కూడా తగ్గించుకుందాం. సెకనుకు 100 మెగాబిట్ల 4కె గంటకు 45 జీబీ మింగుతుంది. 50 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీలో 128 జీబీ కార్డు అయిదు గంటలు దాటి పలుకుతుంది. మన హాలు తెరకు అది ఎక్కువే.

‘ఏడాదికి నాలుగు నాటకాలు, అద్దెకు తెస్తే పోదా?’ అన్నారు కోశాధికారి గారు. సగం ఒప్పుకుంటాం. కొనేముందు ఒక్క సాయంత్రానికి అద్దెకు తెచ్చి, రిహార్సల్ తీసి, అందరం కూర్చుని చూద్దాం. ఎప్పటికీ అద్దెదే అయితే ప్రతిసారీ కొత్త బొత్తాలు వెతుక్కుంటూ బాబాయ్ గారు నాందిలోనే చెమటలు కక్కాలి.

ఒక మాట మిగిలింది. ఆయన బీరువాలో మన పాత మినీ డీవీ టేపులు ఉన్నాయి. పాత కెమెరాతోనే అవి ఆడేవి. గంట టేపు ఎక్కించడానికి గంట పడుతుంది, సుమారు 13 జీబీ అవుతుంది. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న కంప్యూటరు కావాలి, ఇప్పటి ల్యాప్‌టాపుల్లో అది లేదు. ఆడే యంత్రం ఎక్కడో ఒకచోట దొరుకుతున్నప్పుడే ఎక్కించుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. కొత్త కెమెరా బడ్జెట్‌లోంచే దీనికి కొంత తియ్యాలి. కెమెరా కొంచెం తక్కువదైనా ఫరవాలేదు.

కాబట్టి ఆదివారం మేము అడిగేవి మూడు. పోల్ రద్దు చెయ్యండి. బాబాయ్ గారు చెప్పిన తరహా కెమెరా, ట్రైపాడ్, కేబుళ్ళతో సహా, బెంగళూరులో సర్వీసు ఉన్నది చూసి, సంఘం పేరు మీద బిల్లుతో కొనండి. టేపులకు డబ్బు పక్కన పెట్టండి.

అప్పుడు కూడా మీరు పోల్‌లో గెలిచిందే కొంటామంటే కొనండి. కానీ వచ్చే నాటకానికి ట్రైపాడ్ పక్కన ఓటేసినవాళ్ళే నిలబడాలి. మేము వెనక వరసలోనే ఉంటాం, ‘వన్స్ మోర్’ కొడుతూ.