కదిరికి సముద్రంతో పనేమిటి?

ఈ మాట అని మనలో చాలామంది నవ్వుతారు. శెనక్కాయ విత్తనాలు సిద్ధం చేసుకుని మనం ఎదురుచూసే నైరుతి వాన సముద్రం మీదుగా వచ్చేదే కదా!

2016 జూన్, జూలై నెలల్లో బెంగళూరు ఐఐఎస్సీ, ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు బంగాళాఖాతంలో గ్లైడర్లు దించారు. వాటిని నడిపే ఫ్యాను ఉండదు. లోపలి నూనెను బయటి తిత్తిలోకి పంపితే తేలతాయి, వెనక్కి లాగితే మునుగుతాయి. రెక్కలుండటంతో ముందుకు జారతాయి. 1000 మీటర్ల లోతు దాకా వెళ్లి, పైకొచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతాయి. తేలాల్సిన చోటు ఒకటి, తేలిన చోటు మరొకటి. ఆ తేడాను బట్టే ప్రవాహం ఎంత తోసిందో లెక్కగడతారు. పారే వాగును ఈదినవాడికి ఈ లెక్క వేరే చెప్పాలా?

దీంతో మన మండలంలో ఫలానా రోజు వాన పడుతుందని చెప్పలేరు. చెబుతారంటే అబద్ధమే. కానీ ఈ చదువు తీరం వాళ్లదే అనుకోవడాన్ని మేము ఒప్పుకోం. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 1999లో వెలిసింది సముద్రం లేని హైదరాబాదులోనే! విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి విభాగమే ఉంది. మన హాస్టళ్లలో మాత్రం డిగ్రీ తర్వాత బి.ఎడ్., కానిస్టేబుల్ పరీక్ష తప్ప మరో దారి చెప్పేవారు లేరు.

పూర్వ విద్యార్థులం ఈసారి షీల్డులు, గోడగడియారాలు మాని, లెక్కలు, ఫిజిక్స్ చదివే ఇద్దరు తమ్ముళ్లకు పి.జి. ప్రవేశ పరీక్ష ఫీజు, విశాఖకు రైలు చార్జీ ఇద్దాం.