ఒక తీగ - రెండు పనులు

పిల్లలూ! ఒకనాడు దొర్నిపాడులో మా ఇంటి లోపలిగది టెలిఫోనులో నంద్యాల డాక్టరుగారు మందు మోతాదు చెబుతున్నారు. "జుయ్‌" మనే మోతలో ఆయన అన్నది "అర మాత్ర" అనో, "ఆరు మాత్రలు" అనో తెలియలేదు!

మోత ఎందుకు? ఆ రాగితీగల మీదనే ఇంటర్నెట్టు కూడా వచ్చేది. మాట సెకనుకు 300 నుంచి 3,400 కంపనాలతోను, ఇంటర్నెట్టు సుమారు 26,000కు పై కంపనాలతోను పోతాయి. ఆ పై కంపనాలు టెలిఫోనులో చొరబడితే మోత పుడుతుంది. అందుకని ప్రతి టెలిఫోనుకూ ఫిల్టరు అనే చిన్న డబ్బీ ఉండాలి. అందులోని తీగచుట్ట జల్లెడవలె మాటను పోనిచ్చి, పై కంపనాలను ఆపుతుంది. మోడెముకు మాత్రం ఇది పెట్టరాదు.

నేను మోడెము తీసి చూశాను. మోత ఆగింది. కనుక దోషం బయటి తీగలో లేదన్నమాట. చూద్దును గదా, ముందుగది టెలిఫోనుకు ఫిల్టరు ఉన్నది, దీనికి లేదు! అది పెట్టి మళ్ళీ అడిగితే స్పష్టంగా వినబడింది: అర మాత్ర!

మోడెము తీసినా మోత ఆగకపోతే, తీగల అతుకుల్లో తేమో చిలుమో చేరి ఉండవచ్చు. అది లైన్‌మన్‌ పని. ఏ దోషాన్నయినా పట్టుకోవాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం తీగల జోలికి పోకండి.