పసరుకు దిగిన క్రియాటినిన్

ఆదోని పత్తి యార్డు హమాలీ అయినా, ఎమ్మిగనూరు మగ్గం మీది నేతగాడైనా, కిడ్నీ జబ్బు బయటపడ్డ ఇంట్లో మొదట వినిపించేది “ఇంకెన్నాళ్లు?” అన్న ప్రశ్నే. జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. శని దశ దాటితే గండం గడుస్తుందని జాతకం చూసేవాడంటాడు. ఉరుకుంద ఈరన్నకు మొక్కు బాకీ ఉందని సోదిలో తేలుతుంది. కొండపిండాకు పసరు తాగమని పక్కింటాయన చెబుతాడు. మనిషి బతికితే మొక్కు ఫలించింది, పోతే రాత అట్లుంది. ఏం జరిగినా తప్పు కాని జోస్యమది!

పసరు సంగతి నిదానంగా చూడాలి. దాని పక్షాన ల్యాబ్ రిపోర్టే చూపిస్తారు: తాగినాక, కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో 5 నుంచి 4కు దిగిందని. అంకె అబద్ధం కాదు. కానీ క్రియాటినిన్ పుట్టేది కండలో. ఆకలి చచ్చి, పథ్యం పేరుతో తిండి మానేసి కండ కరిగిన మనిషిలో కిడ్నీ ఇసుమంతైనా బాగుపడకుండానే ఆ అంకె దిగుతుంది. వాంతులు విరేచనాలతో ఒళ్లెండి పెరిగిన అంకె, ఒంటికి నీళ్లు పట్టగానే తగ్గొచ్చు. సుగ్గికి (వలస కూలికి) పోయొచ్చి మింగే నొప్పి బిళ్లలు ఆపినా తగ్గొచ్చు. ఘనత మాత్రం ఆకుదే.

“డయాలసిస్ పెడితే మనిషి దక్కడు” అన్న నమ్మకమూ ఇట్లా పుట్టిందే. గుళ్లూ పసర్లూ అయ్యాక, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పొటాషియం పెరిగి, చివరి గడియలో కర్నూలు పెద్దాసుపత్రికి చేరినవాళ్లలో కొందరు త్వరలోనే పోతారు. ఊరికి కనబడేది మిషను, అంతకు ముందు పోగొట్టుకున్న కాలం కాదు. ఆ భయంతో తర్వాతి రోగి ఇంకా ఆలస్యం చేస్తాడు. జోస్యం తనను తానే నిజం చేసుకుంటుంది.

మరి “ఇంకెన్నాళ్లు?” అన్న ప్రశ్నకు జవాబే లేదా? కొంత ఉంది. కెనడా వైద్యుడు నవదీప్ తంగ్రీ బృందం 2011లో ప్రకటించిన సూత్రానికి నాలుగు సంగతులు చాలు: వయసు, ఆడా మగా, కిడ్నీ వడపోత వేగం (ఈజీఎఫ్‌ఆర్), మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రోటీన్)–క్రియాటినిన్ నిష్పత్తి. రెండేళ్లలో, ఐదేళ్లలో కిడ్నీ పూర్తిగా చేతులెత్తేసే అవకాశం నూటికి ఎంతో చెబుతుంది. నీలాంటి వందమందిలో ఎందరికో చెబుతుంది గానీ, ఆ వందలో నువ్వెక్కడో దానికి తెలియదు. 2016లో 30కి పైగా దేశాల్లో, 7 లక్షల మందికి పైగా రోగుల వివరాలతో సరిచూశారు. ఉత్తర అమెరికా బయట చాలాచోట్ల ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపుతోందని తేలితే లెక్క సవరించారు. సోది చెప్పేవాళ్లు ఎవరైనా పాత జోస్యాలు తిరగేసి తప్పులు దిద్దుకున్నారా?

అట్లని దీన్నీ జాతకం చేసుకోకూడదు. శ్రీకాకుళం ఉద్దానంలో చాలామందికి మూత్రంలో అల్బుమిన్ పెద్దగా పోకుండానే కిడ్నీలు చెడుతున్నాయి. అల్బుమిన్‌ మీద అంత బరువు పెట్టిన సూత్రం అక్కడ ప్రమాదాన్ని తక్కువ చేసి చూపే వీలుంది. పైగా దీర్ఘకాలిక కిడ్నీ రోగుల్లో చాలామంది డయాలసిస్ దాకా రాకముందే గుండె జబ్బుతో పోతారు, ఈ సూత్రం దాని ఊసెత్తదు.

ఆ నాలుగింటిలో వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ ఎవరూ మార్చలేరు. అల్బుమిన్ అట్లా కాదు. డాక్టరు చూసి ఇచ్చే రామిప్రిల్, లోసార్టన్ లాంటి బీపీ బిళ్లలూ, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు బిళ్లలూ దాన్ని తగ్గిస్తాయి, కిడ్నీ చెడే వేగాన్నీ తగ్గిస్తాయి.