ఎవరి పాట వారిదే

రాక్ సంగీతం వినిపించే రాత్రిశాలలలో న్యూయార్కులోని సి.బి.జి.బి.కి ఉన్నంత ప్రఖ్యాతి బహు కొద్దింటికే దక్కింది. 1973 డిసెంబరులో బౌరీ వీధిలో వెలసిన ఆ ఇరుకు మద్యశాలకు యజమాని హిల్లీ క్రిస్టల్. వాద్యబృందాలకు ఆయన విధించిన షరతు చిత్రమైనది: ఇతరుల పాటలు ఇక్కడ పాడరాదు, ఎవరి పాటలు వారే కట్టుకొని రావాలి. రామోన్స్, టాకింగ్ హెడ్స్ వంటి బృందాలు ఆ వేదిక మీదనే లోకం కంటబడ్డాయి. 2006లో అది మూతపడింది గాని, రాక్ అభిమానులు ఆ షరతును నేటికీ ఒక విప్లవంగానే చెప్పుకుంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మన అండమాన్ దీవులు గుర్తుకు వస్తాయి. అక్కడి అడవులలో ఈ నియమం న్యూయార్కు కంటే ఎంతో ముందు నుండి అమలులో ఉన్నది. అక్కడి రాత్రిశాలకు గోడలు లేవు, టిక్కెట్టు లేదు, అంతే తేడా.

మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1906 నుండి 1908 వరకు ఆ దీవులలో పరిశోధన సాగించి, 1922లో వెలువరించిన గ్రంథంలో గ్రేట్ అండమానీయుల రాత్రి నృత్యాలను సవిస్తరంగా వర్ణించాడు. చీకటి పడిన తరువాత గుడిసెల నడుమనున్న ఖాళీ స్థలంలో మంట వెలిగేది. డాలు ఆకారంలో చెక్కిన పెద్ద కొయ్యపలక ఒకటి నేల మీద అమర్చేవారు. మన ఎర్రచందనానికీ వేగిసకూ చుట్టమైన పడాక్ చెట్టు కొయ్య అది. పాటగాడు ఒక పాదంతో పలకను కదలకుండా అదిమి, రెండవ కాలి మడమతో దానిపై తాళం వేసేవాడు. స్త్రీలు వరుసగా కూర్చుండి తొడలపై చరుస్తూ పల్లవి అందుకొనేవారు. పురుషులు ఆడేవారు, అలసిపోయేవరకు. తీగ వాద్యం లేదు, ఊదే వాద్యం లేదు. మడమ, పలక, గొంతుక, ఇదే సరంజామా సమస్తమూ.

పాట పుట్టే తీరు మరీ ముచ్చటైనది. పడవ తొలుస్తూనో, విల్లు చెక్కుతూనో, తెడ్డు వేస్తూనో అతడు లోలోపల కూనిరాగం తీస్తూ పాట అల్లుకొనేవాడు. మనసుకు నచ్చేదాకా దాన్ని దిద్దుకొని, నాట్యం జరిగే రాత్రి కోసం కాచుకొని ఉండేవాడు. ఆ రాత్రికి ముందే తన ఆడవాళ్లలో ఒకరిద్దరికి పల్లవి నేర్పి సిద్ధంగా ఉంచేవాడు. (కొత్త గాయకుడు స్నేహితులను వెంటబెట్టుకొని రావడం అన్ని దేశాలలోనూ ఉన్నదే.) సభకు నచ్చితే ఆ పాటను మళ్లీ మళ్లీ పాడేవాడు, అది అతని సొత్తుగా నిలిచిపోయేది. నచ్చకపోతే అక్కడితో సరి, ఇక దాని ఊసు ఎత్తేవాడు కాడు. ఒకరి పాట మరొకరు పాడడం మాత్రం లేదు.

అంతకు ముందు తరం పరిశీలకుడు ఇ.హెచ్. మాన్ మరొక సంగతి చెప్పాడు. తాళానికి ఒదిగేందుకు మాటలను ఎంతగా వంచి విరిచేవారంటే, అర్థమేమిటో పాడినవాడే వినేవారికి మామూలు మాటలలో విడమరచి చెప్పవలసి వచ్చేదట. కవే వ్యాఖ్యాత అన్నమాట. పాతికేళ్లుగా అనువాదాలతో పొట్టపోసుకుంటున్న నాకు ఆ సౌకర్యం ఎన్నడూ చిక్కలేదు. నిజానికి నా వృత్తి అంతా వారు నిషేధించిన పనే: పరుల పాట నా గొంతుతో పాడడం.

మన సంప్రదాయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. క్షేత్రయ్య పదం చివర మువ్వగోపాల ముద్ర వేసి వదిలాడు; ఇక అది పాడగలిగిన వారందరిదీ. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద ఎక్కి తిరుమలలో శతాబ్దాల తరబడి మరుగున పడి ఉన్నా, వెలికి రాగానే కొత్త వరసలు కట్టి పాడుకున్నాము. పాత వరసలు పోయినా సాహిత్యం దక్కింది. అండమాన్‌లో రేకులు లేవు, లిపి లేదు. పాటగాడితోనే పాట పోయేది. పాటగాళ్లు నిరంతరంగా పుడుతూ ఉన్నంతకాలం అది నష్టమని ఎవరికీ తోచలేదు.

తరువాత పాటగాళ్లే కరవయ్యారు. 1858లో బ్రిటిష్ వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస స్థాపించారు. ఎదురుగానున్న రాస్ ద్వీపంలో దొరలకు క్లబ్బు, నాట్యశాల వెలిశాయి. అదే ద్వీపంలో 1863లో అండమానీయులను మచ్చిక చేసుకోవడానికి ‘అండమాన్ హోమ్’ అనే వసతి తెరిచారు. బయటివారి సాంగత్యంతో వ్యాధులు వచ్చాయి; 1877 నాటి తట్టు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. వేలలో ఉన్న పది తెగల జనం నేడు యాభైకి అటూ ఇటూగా మిగిలారు. వారి పిల్లలు మాట్లాడేది హిందీ. ఒక్కొక్క చావుకు ఎన్ని పాటలు పోయాయో లెక్కించే ఉపాయం లేదు.

నేటి పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 నుండి శ్రీవిజయపురం. బెంగాలీ, తమిళం, తెలుగు, హిందీ కలగలిసి వినిపించే ఊరు. అక్కడ ఒక హోటలులో గిటారు పట్టిన కుర్రవాడొకడు అతిథులు కోరిన సినిమా పాటలు వరసగా పాడుతూ ఉంటే విన్నాను. నడుమ ఒకటి తన సొంతమని సిగ్గుపడుతూ చెప్పి పాడాడు. బల్లల వద్ద సంభాషణలు ఆగలేదు. వెంటనే మళ్లీ సినిమా పాటకు దిగాడు. ఆ కొయ్యపలక ముందు నిలిచినవారికి కూడా అటువంటి రాత్రులు తప్పి ఉండవు; కాని పరుల పాట వెనుక దాగే వీలు వారికి లేదు.

బో భాష మాట్లాడగల చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో సుమారు 85వ ఏట కన్నుమూసింది. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలనూ పాటలనూ అంతకు ముందే రికార్డు చేశారు గనుక ఆ గొంతు మనకు దక్కింది. ఆ పాటలను వేరొకరు అందుకోవచ్చునా? పాత నియమం ప్రకారం కూడదు. నియమం సడలించి పిల్లలకు నేర్పడమా, లేక ఆ పలక మీదకు సరికొత్త పాటలతోనే రమ్మనడమా, అది మిగిలిన ఆ యాభై మంది తేల్చుకోవలసిన విషయం. నా వంటి అనువాదకుడి ఓటు ఎటు పడుతుందో వేరే చెప్పనక్కర లేదు.